ఉగాదికి పిల్లల బట్టలు ఇంట్లోనే కుట్టాలనుకుంటున్నాను, మెడ దగ్గరే ఆగిపోయాను

వేపపూత, కర్నూలు
8 ఫిబ్రవరి 2026, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాకు ఇద్దరు పిల్లలు. పాపకు రెండున్నరేళ్ళు, బాబుకు తొమ్మిది నెలలు. పోయిన ఉగాదికి పాపకు అంగట్లో మెరిసే నెట్టు గౌను కొన్నాం. పచ్చడి నోట్లో పెట్టకముందే ఏడుపు మొదలైంది. విప్పి చూస్తే చంకల్లో, నడుము చుట్టూ ఎర్రగా కందిపోయింది. లోపల వేసిన లైనింగ్ కూడా నూలుది కాదు. పండగ పూట బిడ్డను అట్లా చూసి చాలా బాధ వేసింది.

అందుకే ఈసారి ఇంట్లోనే కుడదామనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఉగాది మార్చి 19న, రంజాన్ పండగ ఆ మరునాడో ఆ తర్వాతి రోజో. రెండూ ఒకే వారంలో పడేసరికి మా వీధిలో ఉన్న ఇద్దరు టైలర్లూ పిల్లల బట్టలు ఇక తీసుకోలేమని చెప్పేశారు. అమ్మ వాడిన ఉషా మిషన్ మా ఇంట్లో ఉంది. దిండు గలీబులు కుడతాను, చీరకు ఫాల్ వేస్తాను. అంతకు మించి రాదు.

మొన్న పాత లుంగీ గుడ్డతో గౌను కుట్టి చూశాను. ఛాతీ, భుజం అన్నీ కొలిచే కోశాను. మెడ మాత్రం తలలోంచి దిగలేదు. పాప చెవులు నొక్కుకుపోయి గోల పెట్టింది. ఎక్కడ తప్పు చేశాను?

ఇంకో సందేహం. శివరాత్రికి శివశివా అంటూ చలి పోతుందంటారు గానీ తెల్లవారుజామున ఇంకా చల్లగానే ఉంటుంది, పన్నెండింటికి మాడే ఎండ. ఈ రెండు నెలలకు ఎలాంటి బట్ట మంచిది? అమ్మ కట్టిన నూలు చీరలు మూడు ఉన్నాయి. వాటినే కోయనా, కొత్త గుడ్డ కొననా?


కడప_జేజి
9 ఫిబ్రవరి, ఉదయం 6:15

తల్లీ, పాత చీరే కొయ్యి. మన ఇళ్ళల్లో పురిటి బిడ్డకు మొదట తొడిగేది పాత బట్టే. ఏళ్ళ తరబడి ఉతికిన నూలు చీరలో గంజి ఉండదు, పోవాల్సిన రంగు ఎప్పుడో పోయి ఉంటుంది, ముడుచుకునేది ఎప్పుడో ముడుచుకుపోయి ఉంటుంది. అంత మెత్తని గుడ్డ ఏ అంగట్లోనూ దొరకదు. మా ఇంట్లో మనవళ్ళు, మనవరాళ్ళు అందరూ నా చీరల్లోనే పెరిగారు.

చీరలో ఎక్కడ కోయాలో చెప్తా. వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడు. కుచ్చిళ్ళ దగ్గర, కాళ్ళకు రాసుకునే అంచు దగ్గర, కొంగులో నలిగి పలచబడి ఉంటుంది. నడుముకు మొదట దోపుకునే లోపలి భాగం ఉంటుందే, అక్కడ ఒక గజం గుడ్డ గట్టిగా ఉంటుంది. దానికి ఎండ తగలదు, రంగూ నిలిచి ఉంటుంది. రెండు చేతులా పట్టుకుని లాగి చూడు. పర్రుమని పోయే చోటైతే బొంతకు పెట్టుకో, బిడ్డ బట్టకు వద్దు.

కొత్త గుడ్డ కొంటే మాత్రం ఒక రాత్రి ఉప్పు నీళ్ళలో నానబెట్టి కొయ్యి, రంగు నిలుస్తుంది.


ఆదోని_పత్తి
9 ఫిబ్రవరి, మధ్యాహ్నం 2:30

చెల్లీ, ముందు మెడ సంగతి చూద్దాం. కొత్తగా కుట్టేవాళ్ళలో చాలామంది పిల్లల బట్ట అక్కడే పాడు చేసుకుంటారు.

చిన్నపిల్లలకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. ఏడాది బిడ్డకు తల చుట్టుకొలత 45, 46 సెంటీమీటర్లు ఉంటుంది, అంటే 18 అంగుళాలు. మీ పాపకు 19 దాకా ఉంటుంది. మెడ వెడల్పు 4½, ముందు లోతు 2½, వెనక లోతు 1 అంగుళం పెట్టి గుండ్రంగా కోస్తే చుట్టూ 12½ లేదా 13 అంగుళాలే వస్తుంది. అందులోంచి 19 అంగుళాల తల ఎలా దిగుతుంది? అలాగని మెడ పెద్దగా కోస్తే భుజాలు జారిపోతాయి. వీపు మధ్యలో 4 అంగుళాలు చీల్చి ఓపెన్ పెట్టండి. చీలికకు రెండు వైపులు కాబట్టి 8 అంగుళాలు కలుస్తుంది. మొత్తం 20½ దాటుతుంది, తల సులువుగా దిగుతుంది. ఛాతీ కొలిచినట్టే తల కూడా ఎప్పుడూ కొలవాలి. మీరు మిగతావన్నీ సరిగ్గానే చేశారు.

ఇక గౌను. మీ పాప ఛాతీ 21 ఉంటుందనుకుంటున్నా, టేపు పెట్టి చూసుకోండి. వదులుకు 4 కలపండి, 25. దాన్ని నాలుగో వంతు చేస్తే 6¼, కుట్టుకు అర అంగుళం కలిపి 6¾. భుజం 9, మడతలో సగం 4½. చంక లోతు 5. పైభాగం, అంటే యోకు, 6 అంగుళాల దగ్గర ఆపి కింద కుచ్చులు పెట్టండి. మొత్తం పొడవు 20 కావాలంటే కింది భాగం 14, పై కుట్టుకు అర, అడుగు మడతకు 3 కలిపి 17½ కోయండి. 44 అంగుళాల పన్నా, అంటే వెడల్పు ఉన్న గుడ్డను అడ్డంగా మొత్తం వాడుకుంటే 25 అంగుళాల యోకుకు ఒకటిముక్కాలు రెట్లు వస్తుంది. ఈ వయసుకు ఆ కుచ్చు చాలు. ఇంకా ఎక్కువ పెడితే నడిచేటప్పుడు కాళ్ళకు అడ్డం పడుతుంది. ఒక మీటరు గుడ్డలో చేతులతో సహా వచ్చేస్తుంది.

కుచ్చులకు కుట్టు సైజు పెద్దది పెట్టి పక్కపక్కనే రెండు వరుసలు వేయండి. తర్వాత అడుగు దారాలు, అంటే బాబిన్ దారాలు రెండూ కలిపి లాగండి. ఒక్క వరుసే వేస్తే కుచ్చు ఒకచోట ముద్దగా, ఇంకోచోట ఖాళీగా వస్తుంది.

మెడకు లోపలి నుంచి దళసరి పట్టీ వేయొద్దు, చెమటకు అదే గుచ్చుతుంది. గుడ్డను మూలగా మడిచి 1¼ అంగుళాల వెడల్పు క్రాస్ పట్టీ కోసి వేయండి. మూలగా కోసిన గుడ్డ సాగుతుంది కాబట్టి మెడ గుండ్రానికి ముడత లేకుండా కూర్చుంటుంది.

గుడ్డ విషయానికి వస్తే, ఈ రెండు నెలలకు మల్మల్, వాయిల్, కేంబ్రిక్ అనే నూలు గుడ్డలు. ఈ మూడు దాటి పోవద్దు. రవికల రుబియా అడుగుతారు చాలామంది, అందులో కొన్ని పాలిస్టర్ కలిసినవి ఉంటాయి. కొనేముందు ఒక దారం పీకి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. కలిపినదైతే చివర గట్టి ఉండ కడుతుంది. ఎమ్మిగనూరు చేనేత గుడ్డ దొరికితే బాబుకు బాగుంటుంది. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన సొసైటీ ఊరు అది. మొదట కొంచెం గరుకుగా ఉన్నా ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మేము పత్తి పండే ఊళ్ళో ఉండి పిల్లలకు పాలిస్టర్ వేస్తుంటే నాకు మనసు ఒప్పుకోదు.


పామిడి_మిషన్
9 ఫిబ్రవరి, రాత్రి 10:05

మా పామిడి అంటేనే నైటీలు, రెడీమేడ్ బట్టలు. నేనూ ఆ పనిలోనే ఉన్నాను. అక్క చెప్పిన కొలతలు కరెక్టు. ఒక్కటి మాత్రం ఒప్పుకోను. మల్మల్ గౌనుకు 3 అంగుళాల మడత వద్దు. పలచని గుడ్డకు అడుగున అంత మడత పెడితే బరువుకు కిందికి లాగుతుంది, మడత నీడ బయటికి కనిపిస్తుంది. దాని బదులు 1 అంగుళం మడత, దాని పైన అర అంగుళం టక్కులు, అంటే గుడ్డను అడ్డంగా మడిచి కుట్టే సన్న మడతలు, మూడు వేయండి. ఒక్కో టక్కు ఒక అంగుళం పొడవు తింటుంది. రెండు నుంచి మూడేళ్ళ మధ్య పిల్లలు ఏడాదికి 8, 9 సెంటీమీటర్లు పెరుగుతారు. ఒక్కో టక్కు విప్పుకుంటూ పోతే ఆ గౌను వచ్చే ఉగాదికి కూడా సరిపోతుంది.

మిషన్ మాట. గలీబులు కుట్టారంటే 16 నంబరు సూది ఉండి ఉంటుంది. మల్మల్‌కు 11 నంబరు పెట్టండి. లావు సూది రంధ్రాలు పొడుస్తుంది, ఉతికితే ఆ వరుస వెంటే చిరుగుతుంది. మొదలుపెట్టేటప్పుడు గుడ్డ ప్లేటు రంధ్రంలోకి పోతుంటే కింద న్యూస్ పేపర్ కాకుండా తెల్ల పలచ కాగితం పెట్టి కుట్టండి, తర్వాత చింపేయండి. న్యూస్ పేపర్ సిరా అంటుకుంటుంది. నూనె వేశాక ముందు చింకి గుడ్డ మీద పది నిమిషాలు కుట్టండి.


ఆదోని_పత్తి
10 ఫిబ్రవరి, ఉదయం 11:20

తమ్ముడు చెప్పింది నిజమే, మల్మల్‌కు టక్కులే అందం. నేను ఎక్కువగా కేంబ్రిక్ కుడతాను, దానికి మడత నిలబడుతుంది. టక్కులకు కింది భాగం పొడవు మళ్ళీ లెక్క వేసుకోండి చెల్లీ. 14, పై కుట్టు అర, మడత 1, టక్కులు 3. మొత్తం 18½ కోయాలి.


అనంత_నర్సు
10 ఫిబ్రవరి, రాత్రి 8:50

పిల్లల వార్డులో పని చేస్తాను. ఎండలు ముదిరేకొద్దీ చెమటకాయలతో వచ్చే పిల్లల్ని చూస్తుంటాను, అందుకే రాస్తున్నాను. చెమట బయటికి వచ్చే దారి మూసుకుపోతే ఆ పొక్కులు వస్తాయి. ఎక్కడ గుడ్డ బిగిసి ఉంటే అక్కడే ఎక్కువ. మెడ ముడతలు, చంకలు, నడుము ఎలాస్టిక్ కింద.

స్లీవ్‌లెస్ వేస్తే చల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు. బొద్దుగా ఉన్న పిల్లలకు చంకలో చర్మానికి చర్మం రాసుకుంటుంది. 2 అంగుళాల పొడవున వదులుగా చేయి ఉంటే ఆ చెమట గుడ్డ పీల్చుకుంటుంది. చంక మాత్రం బిగుతుగా ఉండకూడదు, మీ రెండు వేళ్ళు ఆడాలి. నిక్కరు ఎలాస్టిక్ సాగదీసి వేయకండి. నడుము కొలతకు ఒక అంగుళం తక్కువ చాలు. సాయంత్రం విప్పినప్పుడు నడుము చుట్టూ గీత పడి ఉంటే అది బిగుతే. పౌడర్ దట్టంగా చల్లే అలవాటు మానండి, చెమటతో కలిసి ముద్ద కడుతుంది, గాలిలో లేచేది పిల్లల ఊపిరిలోకి పోతుంది.


హిందూపురం_లైన్
11 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:15

నేను ఎక్స్‌పోర్ట్ గార్మెంట్ యూనిట్‌లో లైన్‌లో పని చేస్తాను. అమెరికాకు పోయే చిన్నపిల్లల బట్టలకు మెడ దగ్గర, టోపీ దగ్గర లాగే తాడు పెట్టనివ్వరు. ఆ తాళ్ళు ఎక్కడో చిక్కుకుని పిల్లల గొంతులు బిగుసుకుపోయిన ఘటనలు జరిగాకే అక్కడ 1996లో మార్గదర్శకాలు వచ్చాయి. మన ఇళ్ళల్లో గౌను వీపుకు కట్టే తాళ్ళు, చివర కుచ్చులు, పూసలు చూస్తే నాకు భయమేస్తుంది. ఊయల కొక్కానికి, తలుపు గడియకు తగులుకుంటాయి.

వేపపూత గారూ, బాబుకు గుండీలు కూడా వద్దు, తొమ్మిది నెలల బిడ్డకు ప్రతిదీ నోట్లోకే పోతుంది. ముందు భాగం ఒకదాని మీద ఒకటి వచ్చేలా జుబ్బా కుట్టి, పక్కన గుడ్డతోనే చేసిన పొట్టి కట్లు పెట్టండి, ముడికి సరిపోయేంత. పాప వీపు ఓపెన్‌కు పైన ఒక్క గుండీ చాలు. కుట్టాక గట్టిగా లాగి చూడండి. ఒంటి పొర గుడ్డకు కుడితే గుడ్డతో సహా ఊడి వస్తుంది. అడుగున చిన్న అతుకు ముక్క పెట్టి కుట్టండి.


వేపపూత
16 ఫిబ్రవరి, రాత్రి 11:00

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. నిన్న శివరాత్రి జాగారం, నేను మిషన్ ముందే ఉన్నాను. అమ్మ ఆకుపచ్చ చీర లోపలి గజంలోంచి పాప గౌను అయింది. మెడ దిగింది! తల 19¼ ఉంది. వీపు ఓపెన్ పెట్టగానే ఒక్కసారికే వచ్చేసింది. నాకు ఏడుపు వచ్చినంత పని అయింది.

రెండోది కొత్త వాయిల్‌తో కుట్టాను. పక్షుల బొమ్మలు. అక్కడ రెండు తప్పులు జరిగాయి. గుడ్డ మడిచి ముందు, వెనక భాగాలు ఎదురెదురుగా పెట్టి కోశాను, వెనక వైపు పక్షులన్నీ తలకిందులుగా వచ్చాయి. పైగా తడపకుండా కోశాను. ఉతికి ఆరేశాక 20 అంగుళాలది 19 అయింది. ఒక్క టక్కు విప్పి సరిచేశాను, అన్న చెప్పిన టక్కులు అప్పుడే పనికొచ్చాయి. ఒకే దిక్కు బొమ్మలున్న గుడ్డకు పావు మీటరు ఎక్కువ కొనాలని నాలాంటి కొత్తవాళ్ళ కోసం రాస్తున్నా.

ఇంకో ప్రశ్న. మా అవ్వ ధర్మవరం పట్టుచీర ఒకటి ఉంది. పాపకు ఉగాది పూజకు పావడ కుట్టాలని ఉంది. కోయాలంటే చేతులు రావడం లేదు.


ధర్మవరం_మగ్గం
17 ఫిబ్రవరి, ఉదయం 7:30

మాది నేత ఇల్లు. చీర పెట్టెలో పడి ఉంటే మడతల దగ్గరే జరీ విరుగుతుంది, పట్టు నలుగుతుంది. కొయ్యమ్మా. మీ అవ్వ చీర మీ పాప ఒంటి మీద ఉంటే అంతకన్నా ఏం కావాలి.

చీర పొడవు నడుము చుట్టూ తిరగాలి, అంచు పాదాల దగ్గరికి రావాలి. నిలువు, అడ్డం తారుమారు చేయకండి. పడుగు, అంటే నిలువు పోగుల వెంట బరువు మోస్తుంది, పేక, అంటే అడ్డపోగుల వెంట అంత మోయదు అనేది నిజమే గానీ పావడకు అంచు కోసం అడ్డంగానే వాడాలి, అందుకే లోపల నూలు లైనింగ్ తప్పనిసరి. ఆ బరువు లైనింగ్ మోస్తుంది, జరీ వెనక పోగులు కూడా కాళ్ళకు గీరుకోవు. రెండు మీటర్ల ముక్క తీసుకుంటే కుచ్చిళ్ళు నిండుగా వస్తాయి. చీర పన్నాలో కింది సగమే పాపకు పడుతుంది. పై సగంలో రెండో అంచు ఉంటుంది కదా, అది దాచి పెట్టండి.

నాడా పావడ కుట్టకండి. చిన్నపిల్లలకు నడుము నిలవదు, జారకుండా బిగించి కడతారు, ఒరుసుకుపోతుంది. తెల్ల నూలు బాడీ కుట్టి దానికే పావడ జత చేయండి. బరువు భుజాల మీద పడుతుంది. పట్టు మీద ఒకసారి మిషన్ కుట్టు పడితే విప్పినా రంధ్రాలు కనిపిస్తాయి. ముందు చేత్తో కచ్చా కుట్టు, అంటే తర్వాత తీసేసే వదులు కుట్టు వేసి, పాపకు తొడిగి చూసి, అప్పుడే మిషన్ ఎక్కించండి.

జేజీ, ఉప్పు విషయం మీరు ఏమీ అనుకోవద్దు. రంగు వేసేటప్పుడు ఉప్పు వాడతారు. అద్దకం అయిపోయిన గుడ్డకు ఉప్పు నీళ్ళు రంగు పట్టించవు. తడిపిన తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడాలి. రంగు అంటితే అంటడం ఆగేదాకా మామూలు నీళ్ళలో ఉతకాలి. అప్పటికీ ఆగకపోతే అది చప్పరించే బిడ్డకు పనికిరాదు.


కడప_జేజి
17 ఫిబ్రవరి, సాయంత్రం 5:40

ఏమీ అనుకోను నాయనా, మీరు దాంట్లోనే పుట్టి పెరిగినవాళ్ళు. నానబెట్టడం మటుకు మానొద్దని చెప్పు. ఆ పిల్లకు అంగుళం పోయింది చూడు.


కడప_చౌక్
18 ఫిబ్రవరి, రాత్రి 9:25

నేను ఆలస్యంగా చూశాను. మా అబ్బాయికి నాలుగేళ్ళు. రంజాన్‌కు కుర్తా, పైజామా నేనే కుడుతున్నా, మా ఆయన గుండీలు కుడతారు. మా వాళ్ళు కొందరు ఉగాది రోజు దేవుని కడప గుడికి పోతారు, బీబీ నాంచారి మా ఇంటి బిడ్డ అని వాళ్ళ నమ్మకం. అందుకని ఈ ఏడు ఉగాదికి ఒక జత, రంజాన్‌కు ఒక జత అడుగుతున్నాడు వాడు.

నా అనుభవం ఒకటి చెప్తాను. కుర్తాకు పక్క చీలికలు మోకాలి పైనుంచి కాకుండా నడుము కిందనుంచే పెట్టండి, చీలిక పొట్టిగా ఉంటే పిల్లలు కూర్చుని లేస్తుంటే అది మొదలయ్యే చోటే చిరుగుతుంది. చీలిక మొదట్లో అడ్డంగా రెండు మూడుసార్లు కుట్టు వేయాలి. లోపలి కుట్లు గుచ్చుతాయని మా వాడు గీరుకుంటుంటే ఫ్రెంచ్ సీమ్ నేర్చుకున్నాను. ముందు గుడ్డ వెనక వైపులు లోపలికి పెట్టి, మంచి వైపు నుంచి పావు అంగుళంలో కుట్టాలి. అంచు కత్తిరించి సన్నం చేసి, తిప్పి లోపలి నుంచి ఇంకో కుట్టు వేయాలి. పోగులన్నీ మధ్యలో దాగిపోతాయి. ఓవర్‌లాక్ మిషన్ లేని మన ఇళ్ళకు దీనికన్నా మంచిది లేదు. పట్టుకు, లావు గుడ్డకు మాత్రం వద్దు, గట్టిపడుతుంది.


వేపపూత
22 మార్చి, మధ్యాహ్నం 3:10

పండగ అయ్యాక రాస్తానని అనుకున్నాను. పాప పట్టుపావడ పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా విప్పనివ్వలేదు. తర్వాత ఆకుపచ్చ గౌను వేశాం. సాయంత్రం నర్సు అక్క చెప్పినట్టు నడుము, చంకలు చూశాను. ఒక్క ఎర్ర మచ్చ లేదు. బాబు జుబ్బా కట్లు కొంచెం పొడవు అయ్యాయి, నోట్లో పెట్టుకుంటున్నాడని ఆరోజే సగానికి కత్తిరించాను. అమ్మ వచ్చి గౌను పట్టుకుని చాలాసేపు చూసింది. ఆ చీర కట్టుకునే నన్ను బడిలో చేర్చిందట.

ఇప్పుడు ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణానికి పోదామనుకుంటున్నాం. అక్కడ కల్యాణం రాత్రి వెన్నెల్లో జరుగుతుంది కదా. దోమలు, జనం, రాత్రి గాలి. మూడో చీర మిగిలింది. ఏం కుట్టమంటారు?


అనంత_నర్సు
22 మార్చి, సాయంత్రం 6:00

ఇద్దరికీ పూర్తి చేతుల చొక్కా, చీలమండ దాకా పైజామా. పలచని గుడ్డే, కానీ వదులుగా. ఒంటికి అతుక్కుంటే దోమ గుడ్డలోంచే కుడుతుంది. లేత రంగు చీరైతే ఇంకా మంచిది.


కడప_జేజి
22 మార్చి, సాయంత్రం 7:45

చేతి చివర ఎలాస్టిక్ వద్దు, మడిచి కుట్టు చాలు. చీర కోసేటప్పుడు గట్టి భాగంలో జానెడు ముక్క విడిగా తీసిపెట్టుకో తల్లీ. మోకాళ్ళ దగ్గర చిరిగినప్పుడు అదే రంగు అతుకు కావాలంటే బయట ఎక్కడా దొరకదు.